పిల్లల ఫ్లూ టీకా: ఎవరికి కొనాలి, ఎప్పుడు కొనాలి, ఎలా కొనాలి

అమలాపురంలోనో భీమవరంలోనో పిల్లల డాక్టరు ఫ్లూ టీకా మాట ఎత్తగానే చాలామంది తల్లులు చెప్పే జవాబు ఒకటే: "అది ఏఎన్‌ఎమ్‌ గారు వేసేశారండి, కార్డులో రాసుంది." కార్డులో ఉన్నది ఇది కాదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి ఉచితంగా వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా)లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే బాక్టీరియాకి మందు ఉంటుంది. 1892లో ఆ బాక్టీరియా వల్లే ఫ్లూ వస్తోందని పొరపడి ఆ పేరు పెట్టారు, పేరు అలాగే నిలిచిపోయింది. అసలు ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది. దాని టీకా ప్రభుత్వం వేసే జాబితాలో లేదు. కాబట్టి బుధవారం, శనివారం టీకాల రోజున అడిగినా దొరకదు, బయట కొనాల్సిందే.

ధర బ్రాండుని బట్టి డోసుకి సుమారు 1,500 నుంచి 2,000 పైచిలుకు రూపాయలు. కూలి డబ్బులతో గడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ముందు ఉచితంగా వచ్చేవన్నీ పూర్తి చేయించండి. పీసీవీ (న్యుమోనియాకి), రోటా (విరేచనాలకి), ఎమ్మార్ (తట్టు, రుబెల్లాకి) మిగిలి ఉండగా ఫ్లూకి డబ్బు పెట్టడం వరస తప్పడమే. అవన్నీ అయిపోయి, బిడ్డకి ఆరు నెలలు నిండి, ఐదేళ్లలోపు ఉంటే ఈ టీకా కొనదగ్గదే. మేం ఐదుకి నాలుగు మార్కులిస్తాం. ఒక మార్కు తగ్గించింది ఏటా మళ్లీ వేయించాల్సి రావడం వల్ల. ఐదేళ్లు దాటి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి వేయించినా మంచిదే, కానీ అప్పు చేసి వేయించనక్కర్లేదు. ఉబ్బసం, పుట్టుకతో గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, సికిల్ సెల్ రక్తజబ్బు, షుగరు ఉన్న పిల్లల విషయం వేరు. వాళ్లకి వయసుతో పని లేదు, ఏటా వేయించాలి.

ఏం ఆపుతుందో, ఏం ఆపదో ముందే తెలిస్తే తర్వాత "డబ్బు దండగ" అనిపించదు. ఫ్లూ వైరస్ 'ఎ' (A) రకంలో హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, వాటితోపాటు 'బి' (B) రకం, వీటికే ఇది పనిచేస్తుంది. ఆ ఏడాది తిరిగే వైరస్‌తో బాగా సరిపడినప్పుడు కూడా డాక్టరు దాకా వెళ్లే ఫ్లూని 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. వచ్చినా ఆసుపత్రిలో చేర్చేంత ముదరకుండా చూడటమే దీని అసలు ఉపయోగం. మామూలు రొంపకి, ఆరెస్వీకి (చంటిపిల్లల్లో ఆయాసం తెచ్చే ఇంకో వైరస్), డెంగ్యూకి దీనితో సంబంధం లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు కోళ్ల ఫారాల్లో బయటపడిన బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1. దానికీ ఇది అడ్డు కాదు.

ఇక ఎప్పుడు వేయించాలన్నది. ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. మ్యాపు ప్రకారం మనం ఉత్తరంలోనే ఉన్నా, మన దగ్గర ఫ్లూ వానల్ని పట్టుకుని వస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా ఒక విడత, మళ్లీ సంక్రాంతికి ఊళ్లు నిండే జనవరి నుంచి మార్చి దాకా ఇంకో విడత. అందుకని వేసవిలో వచ్చే దక్షిణార్ధగోళం సరుకు మనకి నప్పుతుంది. పెట్టె మీద ఎస్‌హెచ్ (SH, అంటే దక్షిణార్ధగోళం) అని, పక్కన ఏడాది వేసి ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరున మొదటి డోసు, మే నెలాఖరున రెండోది పడితే, టీకా పట్టు రావడానికి రెండు వారాలు లెక్కేసుకున్నా బడులు తెరిచే వేళకి బిడ్డ సిద్ధంగా ఉంటాడు. డిసెంబరులో వేయిస్తే సంక్రాంతికి పనికొస్తుంది గానీ, వచ్చే వానాకాలానికి బలం తగ్గిపోతుంది. ఆలస్యమైపోయిందని ఆ ఏడాదికి వదిలేయకండి. ఆగస్టులో వేయించినా మేలే.

తొమ్మిదేళ్లలోపు పిల్లలకి తొలిసారి వేయిస్తుంటే రెండు డోసులు. మధ్య 28 రోజులు. ఫ్లూ వైరస్‌ని ఎన్నడూ ఎరగని ఒంటికి మొదటి డోసు పరిచయం మాత్రమే, గట్టి రక్షణ వచ్చేది రెండోదానితో. ఒకటి వేయించి ఊరుకుంటే ఖర్చు మిగులుతుంది, రక్షణ మిగలదు. రెండోది ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఉన్నచోటి నుంచి వేయించండి. ఎవరో ఊరెళుతున్నారని పదిహేనో రోజునే వేస్తే మాత్రం అది లెక్కలోకి రాదు. పోయినేడు ఒక్కటే పడి ఉంటే ఈ ఏడు రెండూ పడాలి. రెండూ పడ్డవాళ్లకి తర్వాత ఏడాదికి ఒకటి చాలు. అన్నదమ్ములిద్దరికీ ఒకే సిరంజి సగం సగం పంచడం ఎంతమాత్రం కుదరదు. పెట్టెలోని కాగితంలో ఆ వయసుకి ఎంత రాసి ఉంటే అంత, ఒక బిడ్డకి ఒక సిరంజి.

బ్రాండు గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. వ్యాక్సిగ్రిప్, ఇన్‌ఫ్లువ్యాక్, ఫ్లూక్వాడ్రి, వ్యాక్సిఫ్లూ అన్నీ చంపిన వైరస్ ముక్కలతో చేసినవే. నాలుగు రకాలకి పనిచేసేదే గొప్పదని ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ నాలుగోదైన బి యమగాటా (బి రకంలో ఒక శాఖ) 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనబడలేదు, మూడు రకాలది చాలు. చూడాల్సింది పెట్టె మీది సీజను, గడువు తేదీ. తగ్గింపు ధరకి ఇస్తామంటే అది పోయిన సీజను సరుకేమో చూసి మరీ తీసుకోండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు చల్లదనం. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మన డెల్టాలో ఐసు అనగానే రొయ్యల పెట్టె గుర్తొస్తుంది, ఎంత ఐసు కప్పితే అంత మంచిదనుకుంటాం. టీకాకి అది తిరగబడుతుంది. ఒక్కసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కాబట్టి టీకా ఫ్రిజ్ ఉన్న క్లినిక్‌లోనే కొని అక్కడే వేయించండి. ఫ్రిజ్‌లో థర్మామీటరుందా, రోజుకి రెండుసార్లు రాస్తున్నారా, కరెంటు పోతే ఏం చేస్తారు అని అడగండి. అడగడం మర్యాద తక్కువేం కాదు. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు దాటి నర్సాపురం వచ్చేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి సరుకుందో లేదో కనుక్కుంటే తిప్పట తప్పుతుంది.

మందుల షాపులో కొని తేక తప్పకపోతే థర్మాకోల్ పెట్టె పట్టుకెళ్లండి. ఐసు ప్యాకుల్ని ఫ్రీజరులోంచి తీసి, ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచాలి. టీకాని దాని అట్టపెట్టెలోనే ఉంచి, న్యూస్‌పేపరు చుట్టి, ఐసు నేరుగా తగలకుండా పెట్టాలి. మే ఎండలో బండి డిక్కీలో వేసుకు రావద్దు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరల్లో వేడెక్కుతుంది, ఫ్రీజరు పక్కన గడ్డకడుతుంది. అసలు ఇంట్లో దాచకుండా తిన్నగా క్లినిక్‌కి తీసుకెళ్లడమే మేలు.

చంటిపిల్లలకి తొడకి, పెద్దవాళ్లకి భుజానికి వేస్తారు. వేశాక పావుగంటైనా అక్కడే కూర్చోండి. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం మామూలే. జ్వరానికి పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. పదికిలోల బిడ్డకి 150 మిల్లీగ్రాములన్నమాట: 5 మి.లీ.లో 125 ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉండేదైతే 3 మి.లీ. ఈ రెండు సీసాల్నీ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ, లేబుల్ చదివి పోయండి. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. గుడ్డు పడని పిల్లలకీ ఈ టీకా వేయొచ్చు. లోగడ ఇదే టీకాకి ఒళ్లంతా దద్దురులొచ్చి ఊపిరాడని బిడ్డకి మాత్రం మళ్లీ వేయకూడదు. ముక్కు కారుతోందని వాయిదా వేయనక్కర్లేదు, ఒళ్లు కాలిపోతుంటే తగ్గేదాకా ఆగండి. జ్వరానికి ఫిట్స్ వచ్చే బిడ్డైతే డాక్టరుకి ముందే చెప్పండి.

ఆరు నెలలలోపు చంటిబిడ్డకి ఈ టీకా లేదు. ఆ బిడ్డని కాపాడేది తల్లి గర్భవతిగా ఉండగా వేయించుకున్న డోసే, ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.

టీకా పడిన బిడ్డకైనా జ్వరంతో ఆయాసం వస్తే ఊపిరి లెక్కపెట్టండి, పూర్తిగా ఒక నిమిషం. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లదాకా 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు నీళ్లు పట్టకపోయినా అప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలి. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది.