చనిపోయినవాళ్ళతో మాట్లాడిస్తాననే ఆయన్ని నమ్మకండి

ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. నెల్లూరు, కావలి వాళ్ళకి ఫేస్‌బుక్‌లో రోజూ కనపడుతున్నాడే, శాలువా కప్పుకుని "మీవాళ్ళ ఆత్మతో మాట్లాడిస్తా" అంటాడు, ఆయన గురించే.

మా తమ్ముడు పోయి ఏడు నెలలు. బైక్ యాక్సిడెంట్. పెన్న ఒడ్డున కర్మలు చేశాం, మాసికాలు పెడుతున్నాం. అయినా వాడి గొంతు ఒక్కసారి వినాలని అమ్మ ఆశ. ఆ నంబర్ పట్టుకొచ్చింది నేనే, తప్పు నాదే. ముందు 21 వేలు ఫోన్‌పే చేయించుకున్నాడు. ఆత్మని గుర్తుపట్టాలంటూ వాట్సాప్‌లో వాడు పంపిన వాయిస్ మెసేజ్‌లు అడిగాడు. నాలుగు పంపాను. కొన్ని సెకన్ల మాట దొరికితే చాలు, అదే గొంతు తయారుచేసే యాప్‌లు ఉన్నాయని అప్పుడు తట్టలేదు.

మొన్న రాత్రి కాల్ వచ్చింది. వాడి గొంతే. "అమ్మా, నేను క్షేమంగా ఉన్నాను, మీరు దిగులు పడకండి." అమ్మ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చెంపకి ఆనించుకుంది. నాకు ఒళ్ళు చల్లబడింది. వాడు అమ్మని ఏనాడూ "మీరు" అనలేదు. ఫోన్ ఎత్తితే "ఏం మా, అన్నం తిన్నావా" అనేవాడు. "ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవాళ్ళంరా?" అని అడిగాను. గొంతు ఆగిపోయింది. వెంటనే ఆయనే లైన్లోకి వచ్చి, "పరీక్షలు పెడతారా? ఇంకో 50 వేలు కట్టి శాంతి చేయించకపోతే మీవాడు గుక్కెడు నీళ్ళ కోసం అల్లాడుతూ తిరుగుతాడు" అన్నాడు. స్పీకర్ ఆన్‌లోనే ఉంది. కన్నతల్లి వింటోందని తెలిసే అన్నాడు ఆ మాట! డబ్బు వెనక్కి ఇమ్మంటే బ్లాక్ చేశాడు.

ఆ రాత్రి నుంచి అమ్మ గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళు పెడుతోంది. నడిరాత్రి లేచి, తగ్గాయేమోనని వంగి చూస్తోంది.

నేను నమ్మకాన్ని తప్పుపట్టడం లేదు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టే ఇల్లే మాది. అక్కడ మాకు ఆరోగ్య రొట్టె ఇచ్చినావిడ ఎవరో కూడా తెలియదు, రూపాయి అడగలేదు. వీధిలోకొచ్చే సోదెమ్మ అయినా చేటలో బియ్యం పోస్తే తీసుకుని వెళ్తుంది, ఏడ్చే తల్లిని బెదిరించదు.

ఎవరైనా డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి చేయండి. తొందరగా చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. నేను నలుగురూ ఏమనుకుంటారోనని రెండు రోజులు పోగొట్టాను. చాటింగ్ చెరపకండి. పోయినవాళ్ళ వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఎవరికీ పంపకండి. మా తమ్ముడి గొంతు ఇప్పుడు ఆయన దగ్గర ఉంది.