మెన్‌స్ట్రువల్ కప్పు: వస్తువు మంచిదే, సూచనల కాగితమే చాలదు

ఒంగోలులో అడిగిన మందుల షాపుల్లో నాకు కావలసిన సైజు లేకపోవడంతో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ మెన్‌స్ట్రువల్ కప్పును ఏడాదికి పైగా వాడుతున్నాను. నెలసరిలో యోని లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే ఈ చిన్న గిన్నె, వైద్య అవసరాలకు వాడే రకం సిలికాన్‌తో (రబ్బరులా మెత్తగా వంగే పదార్థం) చేసినది. ధర 400 రూపాయల లోపే. శుభ్రంగా చూసుకుంటే కొన్నేళ్లు పనికొస్తుంది కనుక, నెలనెలా ప్యాడ్లు కొనేవారికి ఖర్చు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి కప్పుల్లో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఒక నెలసరి మొత్తంలో చాలామందికి పోయే రక్తమే 30, 40 మిల్లీలీటర్లు కాబట్టి, ఎక్కువ స్రావం ఉన్న రోజున కూడా పూట పూటకీ మరుగు వెతుక్కోవలసిన పని తప్పుతుంది. 43 అధ్యయనాలను పరిశీలించి 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక ప్రచురించిన సమీక్ష కూడా కప్పు నుంచి లీకు ఇతర సాధనాలతో సమానంగానో, అంతకన్నా తక్కువగానో ఉంటుందని తేల్చింది. నా అనుభవమూ అదే.

నా ఫిర్యాదు కప్పు మీద కాదు, దానితో వచ్చిన సూచనల కాగితం మీద. అందులో ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు ముక్క లేదు. పొగాకు గ్రేడింగుకు వెళ్లే మా వదిన ఇటువంటిదే కొనుక్కుంటానన్నప్పుడు ఆ కాగితం ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. 2019లో కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీ 5,000 కప్పులు ఉచితంగా పంచినప్పుడు, వాడే పద్ధతిపై అవగాహన కూడా కల్పించింది. ఆ పని ఇక్కడ ఎవరూ చేయనప్పుడు కనీసం కాగితమైనా చేయాలి.

మన ప్రాంతానికి అత్యవసరమైన మాట అందులో అసలే లేదు. పొగాకు జిగురు, మిరపకాయల ఘాటు చేతులకు పట్టుకుంటే ఉత్త నీళ్లకు పోవు. మిరప కోతకు వెళ్లి వచ్చినవారు ముందు కాస్త వంటనూనెతో చేతులు రుద్దుకుని, తరువాత ఆ నూనె కూడా మిగలకుండా సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడుక్కున్న తరువాతే కప్పును ముట్టుకోవాలి. లేకపోతే కలిగే మంట భరించలేనిది.

రెండవది నీరు. మొదటిసారి వాడే ముందు, ఆపై ప్రతి నెలసరి ముగిశాక, కప్పును విడి గిన్నెలో అడుగుకు తగలకుండా తేలేటన్ని నీళ్లు పోసి 5 నిమిషాలు మరిగించాలి. మా బోరు నీళ్లతో మరిగిస్తే తెల్లని పొర కట్టింది. అది నీటిలోని సున్నపు లవణాల వల్ల వచ్చేదే తప్ప కప్పు లోపం కాదు. క్యాను నీళ్లకు మారాక ఆ ఇబ్బంది లేదు. డెట్టాల్, బ్లీచింగ్ వంటివి తగలనివ్వకూడదు. ఆరాక గాలి ఆడే నూలు సంచిలో పెట్టాలి. మూత బిగించే ప్లాస్టిక్ డబ్బా తగదు.

తీసేటప్పుడు కింది కాడను పట్టి లాగకూడదు. కప్పు అడుగును వేళ్లతో నొక్కి, లోపలి గాలి పట్టు విడిపోయాకే మెల్లగా తీయాలి. కాపర్ టి వేయించుకున్నవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ లాగుడుకు అది జారే ప్రమాదం ఉంది. వారు డాక్టరును అడిగిన తరువాతే కొనడం మంచిది. స్రావం తక్కువగా ఉన్నా 12 గంటలకు మించి లోపల ఉంచకూడదు. బ్యాక్టీరియా విడుదల చేసే విషం వల్ల వచ్చే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు చాలా అరుదు గానీ, కప్పు వాడుతుండగా ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రని దద్దురు కనిపిస్తే వెంటనే కప్పు తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

కాడ కొంచెం పొడవు ఎక్కువ. గుచ్చుకుంటే కప్పును బయటికి తీశాక, అడుగుకు గాటు పడకుండా కత్తిరించుకోవచ్చు. ప్యాకెట్ విప్పాక వెనక్కి తీసుకోరు కాబట్టి, సైజును వయసు, కాన్పులు, స్రావం చూసుకుని ముందే నిర్ణయించుకుని ఆర్డరు పెట్టండి.