లోవెల్ మగ్గాల నుంచి నాచెజ్ సంత దాకా: అమెరికాలో పత్తి దారి పట్టి

అమ్మానాన్నలు అమెరికా వస్తే మనం తిప్పే చోట్లు దాదాపు ఒకటే: నయాగరా, న్యూయార్క్, వైట్ హౌస్. మా నాన్నగారు గుంటూరు వైపు నల్లరేగడిలో ఏళ్ల తరబడి పత్తి వేసిన రైతు. ఆయనకు చూపించాల్సిన అమెరికా వేరే ఉందనిపించింది. అందుకే ఈసారి ఉత్తరాన బట్టల మిల్లులు, దక్షిణాన ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద తోటలు, అంటే ప్లాంటేషన్లు చూసేలా ప్లాన్ చేశాం. వెళ్లాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. రెండూ చూడండి. మిల్లు ఒక్కటే చూసి వస్తే యంత్రం గొప్పతనమే మనసులో మిగులుతుంది. ఆ మిల్లుకు పత్తి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో దక్షిణానికి వెళ్తేనే తెలుస్తుంది.

బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి లోవెల్‌కు రైల్లో ముప్పావు గంట. కారు అక్కర్లేదు. ఊళ్లోని మిల్లులు, కాలువలు కలిపి 1978లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. చూడాల్సిన మొదటి చోటు బూట్ కాటన్ మిల్స్ మ్యూజియం. కింది అంతస్తులో 88 మరమగ్గాలు వరసగా ఉంటాయి. లోపలికి వెళ్లే ముందే చెవుల్లో పెట్టుకోడానికి ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు, తప్పకుండా తీసుకోండి. నడిపేది కొన్ని మగ్గాలే అయినా నేల అదురుతుంది. పొలాల నుంచి వచ్చిన పడుచు పిల్లలు ఈ మోతలో రోజుకు పన్నెండు, పదమూడు గంటలు నిలబడి పనిచేశారు. కూలి తగ్గిస్తే 1834లో, అద్దె పెంచితే 1836లో పని ఆపి వీధుల్లోకి వచ్చారు. వాళ్లుండే బోర్డింగ్ ఇంటిని కూడా చక్కగా చూపిస్తారు. వివరం చెప్పిన రేంజర్ మా నాన్నగారి ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చారు.

ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1810 ప్రాంతంలో ఇంగ్లండ్ వెళ్లి అక్కడి మరమగ్గాలను చూశాడు. యంత్రాల నమూనాలు దేశం దాటకుండా బ్రిటన్ చట్టాలు పెట్టుకున్న కాలమది. అందుకని చూసినదంతా బుర్రలో పెట్టుకుని వచ్చాడు. 1814కల్లా వాల్తమ్‌లో పత్తి ఒక వైపు నుంచి వెళ్తే మరో వైపు నుంచి బట్ట బయటికొచ్చే మిల్లు నిలబెట్టారు. ఆయన పోయాక ఆయన పేరుతో వెలిసిన ఊరే ఇది. ఇక్కడ నేసిన ముతక బట్టలో కొంత తిరిగి దక్షిణాదికే వెళ్లేది, బానిసలకు తొడిగించడానికి. వాళ్లు ఏరిన పత్తే వాళ్ల ఒంటి మీదికి బట్టగా వచ్చేదన్నమాట, నడుమ లాభం బోస్టన్‌లో మిగిలేది. 1848లోనే బానిసత్వాన్ని వ్యతిరేకించిన నాయకుడు చార్లెస్ సమ్నర్ కొరడా దొరలకూ మగ్గం దొరలకూ ఉన్న పొత్తును పేరుపెట్టి ఎండగట్టాడు.

లోవెల్‌లో భోజనానికి ఇబ్బంది లేదు. కంబోడియా వాళ్లు చాలామంది స్థిరపడిన ఊరు, వాళ్ల హోటళ్లలో అడిగితే కూరగాయలతో అన్నం చేసిస్తారు. రాత్రి బసకు డౌన్‌టౌన్‌లోనే ఉంటే అన్నీ నడిచి చూడొచ్చు. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌కు ఒక పూట చాలు. ఇంగ్లండ్‌లో పని నేర్చుకుని వచ్చిన శామ్యూల్ స్లేటర్ 1790లో నీటి బలంతో నూలు వడికించింది అక్కడే. మొదటి పనివాళ్లు ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు. భవనం చిన్నది, నది ఒడ్డున కూర్చోడానికి బాగుంటుంది.

దక్షిణాన లూసియానాలోని న్యూ ఆర్లీన్స్‌లో దిగాక అసలు ప్రయాణం మొదలైంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆ ఊరి పాత బస్తీ ఫ్రెంచ్ క్వార్టర్‌లో బస వద్దు. తెల్లవారేదాకా సందడి, కారు పెట్టుకోడానికి గది అద్దెలో సగం అడుగుతారు. ఎయిర్‌పోర్టు వైపు ఉంటే ప్లాంటేషన్ల దారికి కూడా దగ్గర. మేం కారు తీసుకున్న చోట అక్కర్లేని ఇన్సూరెన్స్ అంటగట్టబోయారు, బిల్లు వరస వరసా చదివి సంతకం పెట్టండి. శాకాహారులు రెడ్ బీన్స్ అన్న మాట చూసి ఆర్డర్ చేయకండి, అందులో సాధారణంగా మాంసం ఉంటుంది.

అక్కడి నుంచి గంట దూరంలో విట్నీ ప్లాంటేషన్. పేరుకూ పత్తి నుంచి గింజ తీసే యంత్రం 'జిన్' కనిపెట్టిన ఎలై విట్నీకీ సంబంధం లేదు. ఇది చెరకు తోట. 2014లో మ్యూజియంగా తెరిచారు. యజమాని ఇంటి వైభవం కాకుండా బానిసల బతుకునే మధ్యలో పెట్టి చూపిస్తారు. లూసియానాలో బానిసలుగా బతికిన 1,07,000 మంది పేర్లు చెక్కిన రాళ్ల మధ్య నడుస్తుంటే ఎవరూ గట్టిగా మాట్లాడరు. చెరకు రసం కాచిన పెద్ద ఇనప కొప్పెరలు అలాగే ఉన్నాయి. మరిగే రసాన్ని ఒక కొప్పెర నుంచి ఇంకోదానికి గరిటెలతో తోడడం బానిసల పని. ఆ ప్రమాదాన్నీ వంటచెరకు ఖర్చునూ తగ్గించే పద్ధతి కనిపెట్టింది న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన స్వతంత్ర నల్లజాతి ఇంజనీరు నార్బర్ట్ రిలియూ. 1843లో పేటెంట్ పొందాడు. ఒక పాత్రలో లేచిన ఆవిరితో తర్వాతి పాత్రను మరిగించడం అందులో కిటుకు. మన చక్కెర మిల్లుల్లో ఇప్పటికీ నడిచేది అదే సూత్రం.

తెలివికి కొదవ లేదు, హక్కే లేదు. ఆ దగ్గరలోని ఓక్ ఆలీ ప్లాంటేషన్‌లో ఆంట్వాన్ అనే బానిస తోటమాలి 1840లలో పెకాన్ అనే గింజల చెట్టుకు అంటుకట్టి మేలురకం తెచ్చాడు. మిసిసిప్పీలో నెడ్ అనే బానిస పత్తి చేలో వాడే స్క్రేపర్ తయారుచేస్తే, యజమాని తన పేర పేటెంట్ అడిగాడు. బానిస కనిపెట్టినదానికి బానిసకూ, యజమానికీ పేటెంట్ ఇవ్వడం కుదరదని 1858లో అటార్నీ జనరల్ తేల్చాడు.

మిసిసిప్పీ రాష్ట్రంలోని నాచెజ్‌కు న్యూ ఆర్లీన్స్ నుంచి మూడు గంటల డ్రైవ్. పాత బంగళాల్లో బస అక్కడి ఆకర్షణ. మేం దిగిన బంగళాలో పరుపులు, టిఫిను, పలకరింపు అన్నీ బాగున్నాయి. కానీ పొద్దున్నే ఇల్లు తిప్పి చూపిస్తూ షాండిలియర్లు ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పారే తప్ప, ఆ డబ్బు ఎవరి చెమటో ఒక్క మాట అనలేదు. నాకు బాధ వేసింది. మళ్లీ వెళ్తే మామూలు హోటల్లోనే దిగుతాను.

మిసిసిప్పీ నది దాటితే ఫ్రాగ్‌మోర్ పత్తి ప్లాంటేషన్. పాత ఆవిరి జిన్ను చూడొచ్చు, సీజన్‌లో విచ్చిన చేను కూడా. అక్కడ నాన్నగారు కదల్లేదు. గింజ నుంచి దూదిని చేత్తో వేరు చేయడం ఎంత ఓపిక పనో పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూసినవాళ్లకు తెలుసు. అమెరికా లోతట్టులో పండే పొట్టి పింజ పత్తికి దూది గింజను వదిలేది కాదు, మనిషి రోజంతా కూర్చున్నా ఒక పౌను తేలేది. 1793లో సవానా దగ్గర క్యాథరిన్ గ్రీన్ ప్లాంటేషన్‌లో ఉంటూ ఎలై విట్నీ చేసిన జిన్‌తో అదే మనిషి 50 పౌన్లు తీయగలిగాడు. కొక్కేల డ్రమ్ము సన్నటి సందుల్లోంచి దూదిని లాగుతుంది, గింజ ఇవతలే ఆగిపోతుంది.

"జిన్ను వచ్చింది, మగ్గం వచ్చింది. ఏరడం మాత్రం మన ఊళ్లో ఈనాటికీ చేతిదే కదమ్మా," అన్నారు నాన్న. విషయమంతా అక్కడే ఉంది. వడకడానికి, నేయడానికి, గింజ తీయడానికి యంత్రాలు వచ్చాయి. పత్తి ఏరే యంత్రం అమెరికాలోనూ 1940లలో గానీ మార్కెట్లోకి రాలేదు. నడుమ ఆ నూటయాభై ఏళ్లూ యంత్రాల ఆకలికి సరిపడా ఏరడానికి మనుషులు కావాలి. 1790లో దేశంలో సుమారు 7 లక్షల మంది బానిసలుంటే 1860 నాటికి దాదాపు 40 లక్షలు. వర్జీనియా లాంటి పాత రాష్ట్రాల నుంచి పది లక్షల మందిని పత్తి, చెరకు నేలలకు తరలించారు, చాలామందిని గొలుసులతో నడిపించి. 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చి ఆ పత్తి ఆగిపోతే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు ఇండియా వైపు చూశాయి. కృష్ణా, గుంటూరు పత్తి కాకినాడ రేవు మీదుగా వెళ్లి 'కోకనాడ' పేరుతోనే చెలామణి అయ్యేది. నాన్నగారికి ఆ పేరు చిన్నప్పుడు వాళ్ల తాత నోట విన్న గుర్తుందట.

నాచెజ్‌లో ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్ మానొద్దు. దక్షిణాదిలో రెండో పెద్ద బానిస సంత జరిగిన కూడలి. ఇప్పుడు గడ్డి, కొన్ని బోర్డులు, సిమెంటులో పొదిగిన సంకెళ్లు, పక్కన ట్రాఫిక్. టికెట్ లేదు, నీడ లేదు. గొడుగూ నీళ్లూ పట్టుకెళ్లి బోర్డులన్నీ చదవండి.

పత్తి విచ్చి ఉండేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో. ఎండ కాస్త తగ్గే అక్టోబర్ మేలు, లోవెల్‌లో చెట్ల రంగులూ అప్పుడే. సెలవులు చాలకపోతే పాటకెట్ వదిలేయండి. విట్నీ ప్లాంటేషన్‌కు వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, ముందే చూసుకుని గైడ్ ఉండే టూర్ టికెట్ తీసుకోండి.