షెల్టరా, అద్దె గదా?

తిరుపతి బస్టాండులో రాత్రుళ్లు గడిపే ఆడమనిషికి నిరాశ్రయుల షెల్టర్ వెంటనే అక్కరకొస్తుంది. అడ్వాన్సు అడగరు. లక్ష జనాభాకు ఒకటి ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ సంచి తలకింద పెట్టుకునే నిద్రపోవాలి. ఇంట్లో దెబ్బలు తిని వచ్చేవాళ్లకు సఖి అనే ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, బస మాత్రం మామూలుగా ఐదు రోజులే.

ఊళ్లోని జీవకోనలోనో కొర్లగుంటలోనో అద్దె గది దొరకడమే కష్టం. అడ్వాన్సు సరే, ముందు "మీ ఆయనేం చేస్తాడమ్మా?" అంటారు. (మగవాళ్లను భార్య గురించి ఇలా అడగరు!) అది దాటితే సొంత తాళం, పొయ్యి, ఆధార్‌కు అడ్రసు. భర్త లేనివాళ్లకు నెలకు 4,000 పింఛను వస్తుంటే అద్దెకు కాస్త ఆసరా.

నా ఓటు గదికే. అయితే తొలి నెలల అద్దె కట్టి, ఓనరుతో మాట్లాడే మనిషి వెనక ఉండాలి. మనసు బాగాలేక ఒంటరిగా ఉండలేనివాళ్లకైతే ముందు షెల్టరే నయం.