తాండూరు బండలు కొంటున్నారా? శాంపిల్ చూసి డబ్బు కట్టకండి, లోడు చూసి కట్టండి

ఇంటి ముందు ఖాళీ జాగాలోనో పెరట్లోనో బండలు పరిపిద్దామని అనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల యార్డుల్లో కొనబోయేవాళ్లు, అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది పూర్తిగా చదవండి. మాకు అమ్మిన యార్డు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పేరు చెప్పినా ఇంకో యార్డులో ఇదే జరగొచ్చు కాబట్టి ఎక్కడెక్కడ చూసుకోవాలో చెబుతాను.

మేము అడిగింది తాండూరు నీలం బండ. ఆరుబయట వేసేది కదా, పాలిష్ వద్దు రఫ్ కావాలని, సైజు రెండు బై రెండు అని, మందం అంగుళానికి తగ్గకూడదని, మొత్తం 600 చదరపు అడుగులని స్పష్టంగా చెప్పాం. యార్డులో నిలబెట్టి చూపించిన బండ నిజంగానే బాగుంది, మందం సమానంగా ఉంది, అంచులు మిషన్ కటింగ్, రంగులో తేడా లేదు. అది చూపించి ముప్పావు వంతు డబ్బు ముందే కట్టించుకున్నారు. బండలు తెచ్చే డీసీఎం వ్యాను మాత్రం బాగా పొద్దుపోయాక వచ్చింది. డ్రైవరుకు తొందర, హమాలీలకు తొందర, వీధిలో లైటు కూడా సరిగ్గా లేదు, బండలన్నీ ప్రహరీకి ఆనించేసి మిగతా డబ్బు తీసుకుని వెళ్లిపోయారు.

తెల్లారి టేపు పెడితే ఒక్కటంటే ఒక్క బండ కూడా రెండు అడుగులు లేదు. అన్నీ 22 అంగుళాలే. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది, కానీ లెక్క వేసి చూడండి. బిల్లులో బండకు నాలుగు చదరపు అడుగుల చొప్పున 150 బండలకు 600 రాశారు. 22 అంగుళాల బండ నిజానికి 3.36 చదరపు అడుగులే వస్తుంది, అంటే 150 బండలకు 504. మిగతా 96 అడుగుల రాయి మా ఇంటికి రాలేదు, డబ్బు మాత్రం వాళ్లకు వెళ్లింది. ఫోన్ చేసి అడిగితే "అంచులు కటింగ్‌ల పోతది సార్, అందరు గిట్లనే అమ్ముతరు" అన్నారు. నిజమే, చాలాచోట్ల 22 అంగుళాల బండనే రెండు బై రెండు అని పిలుస్తారు. పిలుచుకోవడంలో తప్పు లేదు, లేని రాయికి డబ్బు తీసుకోవడం తప్పు. కటింగ్‌లో పోయిన ముక్క మన లారీ ఎక్కలేదు, దానికి మనమెందుకు కట్టాలి?

మందం సంగతి ఇంకా ఘోరం. ఇది గనిలో పొరలు పొరలుగా లేచే రాయి, కింది వైపు కాస్త ఎగుడుదిగుడుగా ఉండటం సహజం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ మాకు వచ్చినవాటిలో ఒక మూల అంగుళం ఉంటే ఎదురు మూల అర అంగుళం ఉన్న బండలు చాలా ఉన్నాయి. శాంపిల్ పక్కన పెడితే రెండూ ఒకే యార్డు నుంచి వచ్చాయంటే నమ్మలేం. అలాంటివి పరిస్తే పలచని మూల కింద సిమెంటు మాల్ ఎక్కువ నింపాలి, అక్కడ ఏమాత్రం గుల్ల మిగిలినా స్కూటర్ స్టాండు వేసిన రోజే పగులుతుంది.

పైగా లోడులో దాదాపు పావు వంతు పాలిష్ బండలు కలిపేశారు. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. "పాలిష్‌వి మిషన్‌తో గరుకు చేయిస్తాం, మేస్త్రిని కూడా మేమే పంపిస్తాం" అని మాటిచ్చారు. మేస్త్రి వచ్చాడు, గరుకు చేసే మిషన్ మాత్రం రాలేదు. బండలు పరిచాక పడిన మొదటి వానకే మా అమ్మ ఆ పాలిష్ బండ మీద జారింది. పక్కనే కుళాయి గోడ ఉండబట్టి పట్టుకుని నిలదొక్కుకుంది గానీ, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమయ్యేది? ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే బయట పాలిష్ రాయి వేయించకండి. ఎవరు ఎంత చెప్పినా వినకండి.

అన్నిటికన్నా పెద్ద నష్టం చివర్లో జరిగింది. పని అయ్యాక బండల మీద సిమెంటు మరకలు పోవడానికి వాళ్లు పంపిన మేస్త్రి యాసిడ్ పోసి కడిగాడు. బాత్‌రూమ్‌లు కడిగే యాసిడే. పోయగానే బుసబుసమని నురగ వచ్చింది, మురికి పోతోందని చెప్పాడు. పోయేది మురికి కాదు, రాయి. తాండూరు బండ సున్నపురాయి, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ రాయి వల్లే. యాసిడ్ తగిలితే సున్నపురాయి కరిగిపోతుంది. ఆరాక చూస్తే నీలం రంగంతా పోయి తెల్లగా, పాలిపోయినట్టు మచ్చలు తేలాయి. ఆ మచ్చలు ఏ సబ్బుకూ పోవు, మిషన్‌తో పై పొర తీయించాల్సిందే. షాబాద్, కడప, బేతంచర్ల, కోటా, ఇవన్నీ సున్నపురాళ్లే, దేని మీదా యాసిడ్ పడనివ్వకండి. సిమెంటు మరక పచ్చిగా ఉన్నప్పుడే తడి స్పాంజితో తుడిపించండి, ఎండితే ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దించండి. పని మొదలయ్యే రోజే మేస్త్రికి గట్టిగా చెప్పండి, ఎందుకంటే గ్రానైట్‌కు వాడిన అలవాటుతో యాసిడ్ సీసా వాళ్ల సామానులోనే ఉంటుంది.

లోడు వచ్చినప్పుడు నేనైతే ఇప్పుడు ఇలా చూస్తాను, మీరూ ఇలాగే చూడండి. పగలే దింపమనండి. కట్టలో ముందున్న బండలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, మధ్యలోంచి, వెనక నుంచి కొన్ని లాగించి నాలుగు మూలలా మందం కొలవండి. బండను నిలబెట్టి సుత్తి పిడితో తట్టండి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తర్వాత ఒక మగ్గు నీళ్లు పోసి కాసేపు ఆగండి. రాయంతా ఆరిపోతున్నా ఒకచోట వెంట్రుకంత నల్లటి తడి గీత మిగిలిందంటే అక్కడ పగులు ఉన్నట్టే, మామూలుగా చూస్తే కంటికి ఆనదు. ఆ బండ పక్కన పెట్టించండి.

నల్ల రాయి కొనేవాళ్లకు ఒక మాట. పాలిష్ చేసిన కడప బండను నల్ల గ్రానైట్ అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. ఓ మూల నిమ్మరసం చుక్క వేసి కాసేపటికి తుడవండి, మెరుపు చచ్చి మచ్చ పడితే అది గ్రానైట్ కాదు. రంగు పూసిన గ్రానైట్ కూడా అమ్ముతారు, గోళ్ల రంగు తుడిచే ద్రవంలో తెల్ల దూది ముంచి గట్టిగా రుద్దితే నలుపు దూదికి అంటుతుంది. కడప నలుపు ఆరుబయట ఎండకు కొన్నాళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది, పైగా నల్ల రాయి మీద మే నెల మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో నిలబడలేం. బయటికి గ్రానైటే కావాలంటే లేత రంగులో ఫ్లేమ్డ్ ఫినిష్ అడగండి, మంటతో గరుకు చేస్తారు, తడిలో పట్టు ఉంటుంది.

మాకు యార్డువాళ్లు మొదట ఇచ్చింది కచ్చా చిట్టీ, అంటే పన్ను లేని ఉత్త కాగితం. పట్టుబట్టి జీఎస్టీ బిల్లు తీసుకున్నాం కాబట్టే ఇప్పుడు ఫిర్యాదుకు ఆధారం ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం యార్డు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. టేపు పెట్టి తీసిన ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, శాంపిల్ బండ ఫోటో ఏదీ డిలీట్ చేయకండి.

నోటిమాటగా వదిలేయకుండా ఆర్డర్ చీటీ మీద ఇలా రాయించుకోండి: "తాండూరు నీలం, రఫ్, 22 × 22 అంగుళాలు, ఏ మూలా అంగుళానికి తగ్గని మందం, రేటు కొలిచిన చదరపు అడుగుకు, పగిలినవి పాలిష్‌వి వాపసు, సగం డబ్బు లోడు దింపి కొలిచాక." దీనికి ఒప్పుకోని యార్డు అయితే అడ్వాన్స్ ఇవ్వకుండా బయటికి వచ్చేయండి, ఆ రోడ్డు మీద ఇంకో యార్డు ఉంటుంది.