మంత్రసానికి నేర్పాలా, ఇంటిల్లిపాదికీ నేర్పాలా: ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, ఇంటి పురుడు మంచిదా ఆసుపత్రి మంచిదా అన్న వాదన కాదు ఇది. ఆసుపత్రే మంచిది. విశాఖలో మాకు నొప్పులు మొదలైతే ఆటో ఎక్కి కేజీహెచ్‌కి, అంటే మా పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోతాం, దారిలో ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం, అంతే. పాడేరు నుంచి అదే కేజీహెచ్‌కి సుమారు 110 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు, పైగా కొండ మీది కొన్ని ఊళ్ల వాళ్లయితే రోడ్డు దాకా రావడానికే డోలీ కట్టుకుని గెడ్డలు, అంటే కొండవాగులు దాటాలి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా విశాఖ నుంచి వేరుపడినా పెద్ద కేసులు ఇంకా కొండ దిగి మా ఊరికి వస్తూనే ఉన్నాయి. వానాకాలం రాత్రి రెండింటికి నొప్పులొస్తే మాత్రం మనకి ఇష్టమున్నా లేకున్నా ఆ కాన్పు ఇంట్లోనే అయిపోతుంది. అప్పుడు పక్కనున్న వాళ్లలో ఎవరికి ఏం తెలిసి ఉండాలి?

చాలామంది మొదట చెప్పేది మంత్రసాని పేరే. ఊరంతా నమ్మే మనిషి, ఒక్కామెకి నేర్పితే సరిపోతుంది, ఖర్చూ తక్కువ. ఇది వట్టి ఊహ కాదు కూడా. పాకిస్తాన్‌లో లర్కానా దగ్గర మంత్రసానులకి శిక్షణా, శుభ్రమైన కాన్పు కిట్లూ ఇచ్చి చూస్తే, కడుపులోనో పుట్టిన వారంలోనో పోయే బిడ్డలు 30 శాతం దాకా తగ్గారని 2005లో తేలింది. కానీ తల్లుల మరణాలు తగ్గాయని మాత్రం గట్టిగా చెప్పలేకపోయారు. నర్సుగా నాకు ఇందులో వింతేమీ కనిపించదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, కొత్త బ్లేడుతో బొడ్డు కోయడం, బూడిదా పేడా పెట్టకుండా వదిలేయడం, బిడ్డని వెంటనే తుడిచి తల్లి గుండెల మీద వేయడం, ఇవన్నీ ఒక మనిషి చేతిలో పనులు. రక్తం ఆగకపోతే తల్లిని కిందికి మోయించడం ఒక్కామె వల్ల అవుతుందా? డోలీ మోసేది మగాళ్లు, డబ్బు తీయాల్సింది మామగారు, ‘ఇంకాసేపు చూద్దాం’ అనేది అత్తగారు.

ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఊపిరి తీయని బిడ్డకి ముక్కూ నోటి మీద మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచీ నొక్కి ఊపిరి ఊదడం మొదటి నిమిషంలోనే జరగాలి. నలభై గడపల ఊళ్లో, అందులోనూ సగం మంది ఆసుపత్రికే పోయే రోజుల్లో, మంత్రసాని చేతికి ఏడాదికి ఒకటో రెండో కాన్పులు వస్తాయి. ఆ లెక్కన మాస్కు పట్టే ఒడుపు చెయ్యి మరిచిపోతుంది. వార్డులో రోజూ చేసే మాకే అప్పుడప్పుడు తడబాటు వస్తుంది మరి.

రెండో దారి ఇంటిల్లిపాదికీ, ఊరి ఆడవాళ్లకీ కలిపి నేర్పడం. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ఊళ్లలో ఏక్‌జుట్ సంస్థ పాఠాలు చెప్పలేదు, నెలనెలా ఆడవాళ్లని కూర్చోబెట్టి మన ఊళ్లో బిడ్డలు ఎందుకు పోతున్నారు, మనమేం చేద్దాం అని వాళ్లచేతే మాట్లాడించింది. 2010లో వచ్చిన ఫలితాల్లో ఈ సమావేశాలు లేని ఊళ్లకంటే నెలలోపు శిశు మరణాలు 32 శాతం తక్కువ. అమెరికాలో నర్సు మంత్రసానుల సంఘం తయారుచేసిన పద్ధతి ఇంకోటుంది, అందులో చదువు రాని వాళ్లకి బొమ్మల కార్డులు చూపిస్తూ ముందు ‘మీరేం చేస్తారు’ అని అడుగుతారు, తర్వాత ‘మేం ఇలా చేస్తాం’ అంటారు, చివరికి అందరూ ఒప్పుకున్నదాన్ని చేతులతో చేయిస్తారు. ఇది నిదానం. పనిపాటలు మానుకుని కూర్చోవాలి, మగాళ్లు ఒక పట్టాన రారు, ఇదే దీని బలహీనత.

కాన్పుకి ముందే వచ్చి ఉండే గర్భిణుల వసతి గృహాలు ఈ రెండింటికంటే మేలే, ఒప్పుకుంటాను. కాకపోతే ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలూ మేకలూ ఉన్న ఆడది వారాల తరబడి వచ్చి ఎలా ఉంటుంది?

నన్నడిగితే రెండో దారే, మంత్రసానిని కూడా అందులో కూర్చోబెట్టి. చేతిలో రెండు రోజులే ఉంటే, మొదటి రోజు మొత్తం రక్తస్రావానికే పెడతాను, భర్తలూ అత్తలూ ఉండాల్సిందే. అర లీటరు ఎర్ర రంగు నీళ్లు పాత చీర మీద పోసి చూపించాలి, కాన్పు తర్వాత ఇంత పోతే ప్రమాదమని కంటికి తెలుస్తుంది, నోటితో చెబితే ఎవరికీ అందదు. పొత్తికడుపు మీద మర్దనా, బిడ్డని రొమ్ముకి పట్టించడం, మూత్రం పోయించడం, ఈలోగా డోలీ సిద్ధం. బొడ్డు పట్టి మాయని లాగకూడదని పదిసార్లు చెప్పాలి. రక్తస్రావం రాకుండా ఆశ కార్యకర్త ముందే ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్రలు, 200 మైక్రోగ్రాములవి మూడు, బిడ్డ పుట్టాకే, లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకున్నాకే వేయాలి, నొప్పులు త్వరగా రావాలని ముందు వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో రోజు మంత్రసానికీ ఆశకీ విడిగా, బొమ్మ మీద మాస్కు పట్టడం, మూడు నెలలకోసారి మళ్లీ అదే. ఆ రోజు మంత్రసానికి కూలి డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రాదు, రాకపోతే ఆమెని అనడానికి లేదు.