సీటు వెతుక్కుంటూ పర్లాకిమిడి దాకా

మా మేనకోడలిది కాశీబుగ్గ. వాళ్ల నాన్న బీటెక్ అంటాడు, ఇదేమో భాషాశాస్త్రం చదివి సవర గిరిజనుల భాష మీద పని చేస్తానంటుంది. "మావయ్యా, మీ ఒడిశాలో ఎక్కడ చేరితే మంచిది?" అని ఫోన్ చేసింది. నేను బరంపురంలో ఉంటున్నందుకు టెన్షన్ నా నెత్తికెక్కింది. సరే రమ్మన్నాను, మూడు రోజులు తిరిగాం.

మొదట ఊళ్లోనే ఉన్న ఖల్లికోట కాలేజీ. 1856లో జిల్లా స్కూలుగా మొదలై, 1878లో కాలేజీ అయింది. మన వి.వి. గిరి ఇక్కడే చదివి తర్వాత డబ్లిన్ వెళ్లారు. 2015లో యూనివర్సిటీ అన్నారు, మధ్యలో ఏవో మార్పులు జరిగి ఇప్పుడు యూనిటరీ యూనివర్సిటీ, అంటే అనుబంధ కాలేజీలు లేకుండా ఒక్కటిగా నడిచేది, అంటున్నారు. "నలందా లాగా మళ్లీ లేపారా?" అని అడిగింది పిల్ల. నలందా వందల ఏళ్లు శిథిలంగా పడి ఉంటే 2010లో చట్టం చేసి, 2014లో క్లాసులు పెట్టారు. మా ఖల్లికోట అసలు పడుకుంటే కదా, పేరొక్కటే మారుతూ వచ్చింది!

మధ్యాహ్నం భంజ బిహార్. 1967లో పెట్టిన బరంపురం యూనివర్సిటీ అక్కడే ఉంది, భాషాశాస్త్ర విభాగం కూడా ఉంది. ఊరికి దూరం, ఆటోవాడితో బేరం తప్పదు. చెట్ల నీడ మాత్రం బాగుంది. అమ్మాయి మొహం అక్కడే వెలిగింది. సాయంత్రం గోపాల్‌పూర్ సముద్రం చూపించి ఇంటికి తెచ్చేశాను.

మర్నాడు ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి. అక్కడి లాడ్జీ గురించి చెప్పకుండా ఉండలేను. ఫోన్‌లో వేడినీళ్లున్నాయన్నారు. వెళ్లాక, "బకెట్‌కి 30 రూపాయలండీ, ముందురోజే చెప్పాలి" అన్నాడు కుర్రాడు. రెండు గదులకు 1,700 కట్టి చన్నీళ్లు పోసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. పక్క హోటల్లో బరా (మన గారెలే), ఘుగుని (బఠాణీల కూర) తిన్నాక కోపం సగం తగ్గింది. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబిచ్చారు, అదొక సుఖం.

1896 నాటి కాలేజీ బయట నిలబడి గిడుగు రామమూర్తి గారి కథ చెప్పాను. 1880లో ఇక్కడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర భాషా గ్రంథం ఇంగ్లీషులో అచ్చయింది. ఏ యూనివర్సిటీ డిపార్ట్‌మెంటూ లేకుండా చేసిన పని అది. 1936లో ఊరు ఒరిస్సాలో కలుస్తోందని అలిగి రాజమండ్రి వెళ్లిపోయారు. విచిత్రమేమిటంటే అదే ఏడు మంగెయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకు సొంత లిపి తయారు చేశారు.

అదంతా విని ఊరుకుంటుందా! మర్నాడు పొద్దున సంతలో చీపుర్లమ్మే సవర అవ్వ దగ్గర కూర్చుంది. "అవ్వా, నీళ్లని మీ మాటలో ఏమంటారు?"

"డా" అని గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఠక్కున ఆపి, "అ" అంది అవ్వ.

పిల్ల నోట్‌బుక్‌లో తెలుగులో "డా" అని రాసింది. కాదని కొట్టేసింది. "డఅ" రాసింది. అదీ కొట్టేసింది. అవ్వ మళ్లీ అంది, ఈసారి నవ్వుతూ. ఆ మధ్యలో ఆగడానికి మన అక్షరాల్లో చోటు లేదు. కాగితం మీద చిన్న గీత పెట్టి, పక్కన ప్రశ్న గుర్తు వేసుకుంది.

రెండు చీపుర్లు కొన్నాం. ఇంకొక క్యాంపస్ కూడా చూద్దామని వెళ్తే ఆదివారమని గేటు దగ్గరే ఆపేశారు. ముందే ఫోన్ చేసి అడిగాం, రమ్మన్నారు కూడా. బస్సు ఖర్చు దండగ. మీరు వెళ్తే వారం మధ్యలో వెళ్లండి.

తిరుగు బస్సులో వాళ్ల నాన్న ఫోన్. "ఏ కాలేజీ బాగుంది?" అని అడిగాడు. "భంజ బిహార్‌లో అప్లికేషన్ పెడుతున్నా నాన్నా" అంది. అవతల కాసేపు మాట లేదు. చీపుర్లు నా ఒళ్లో గుచ్చుకుంటున్నాయి.